గేరు దెబ్బ ఎంత ఉండాల?

కెంచనగుడ్డ ఊరు దాటగానే రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. చక్రం వాటి మీదికి ఎక్కకుండా స్టీరింగ్ పట్టుకుని పోతున్నాను. పాత టయోటా, కంప్యూటర్ రాకముందటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పక్కసీట్లో సిరుగుప్ప మెకానిక్ కళ్ళు మూసుకుని బండి చప్పుడు వింటున్నాడు.

వేగం నలభైకి చేరుతోంది. ఇంజిన్ గొంతు ఉన్నట్టుండి లేస్తుంది, బండి మాత్రం అందుకు తగ్గట్టు కదలదు. ఒక క్షణం అంతా తేలిపోయినట్టుంటుంది. ఆ తర్వాత పరుపు మీద కూర్చున్నంత మెత్తగా మూడో గేరు పడుతుంది.

"ఎంత మెత్తగా పడిందో చూశావా?" అంటాను.

ఆయన కళ్ళు తెరిచి, "మెత్తగా పడలేదన్నా, జారుతా ఉంది" అంటాడు.

కాలువ గట్టు పక్కన చదునైన చోట ఆపుతాం. ఇంజిన్ ఆడుతుండగానే, గేరు పార్కింగ్‌లో పెట్టి, డిప్‌స్టిక్ లాగి తెల్లగుడ్డకు తుడుస్తాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ మరక అంచున గోధుమరంగుకు తిరుగుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా మాడు వాసన. గేరు మారేటప్పుడు క్లచ్ పలకలు ఎంతసేపు ఒరుసుకుంటే అంత వేడి పుడుతుంది. పలకల పూత అరిగి, ఆయిల్ మాడుతుంది.

"ఆయిల్ మార్చాల. ముందు కేబుల్ చూద్దాం" అని తూము వైపు చెయ్యి చూపిస్తాడు. సిరుగుప్ప, దేశనూరు కాలువలు విజయనగర రాజుల కాలం నాటివి. తూము ఎంత ఎత్తితే మడికి అంత జోరుగా నీళ్ళు పారతాయని ఈ సీమలో పిల్లలకు కూడా తెలుసు. గేర్‌బాక్స్‌లోని వాల్వ్ బాడీ కూడా అలాంటి కాలువల అల్లికే. అందులో పారేది ఆయిల్. దాని ఒత్తిడి పెరిగితే క్లచ్ గట్టిగా, త్వరగా పట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా మనకు తగలకుండా మధ్యలో స్ప్రింగు, పిస్టన్ ఉన్న అక్యుములేటర్ కొంత మింగుతుంది. యాక్సిలరేటర్‌ను బట్టి ఒత్తిడి ఎంత ఉండాలో గేర్‌బాక్స్‌కు చెప్పేదే ఈ కేబుల్.

ఇంజిన్ ఆపి, పెడల్‌ను నేలకు తగిలేదాకా తొక్కమంటాడు. అప్పుడు కేబుల్ మీది చిన్న స్టాపర్ రబ్బరు తొడుగు అంచుకు రావాలి. రెంటి మధ్య సందు 0 నుంచి 1 మిల్లీమీటరు. మాది తొడుగు లోపలే ఆగిపోయింది. రెండు నట్లు వదులు చేసి, స్టాపర్ అంచుకు వచ్చేదాకా జరిపి బిగిస్తాడు.

మళ్ళీ అదే రోడ్డు, అదే నలభై. ఈసారి ఇంజిన్ అరవదు. వీపుకు చిన్న తోపు తగిలి మూడో గేరు పడిపోతుంది.

"ఇంకా బిగిస్తే రేసు బండిలా కొడుతుందా?" ఆశగా అడుగుతాను.

"కొడుతుంది. గేర్లు ఆలస్యంగా పడతాయి, నిదానంగా పోయినా జర్కులే. దెబ్బ తెలియాల గానీ, బండి నడుము ఇరగకూడదు."

ఆయన మాట నిజం. 402 మీటర్ల డ్రాగ్ రేసు బండికి వాల్వ్ బాడీ విప్పి, సెపరేటర్ ప్లేటు రంధ్రాలు పెద్దవి చేస్తారు, గట్టి స్ప్రింగులు వేస్తారు, కొందరు అక్యుములేటర్‌ను కదలకుండా బిగించేస్తారు. ఆ పోటీలో జారుడు అంటే పోయిన సమయం. అయితే ప్రతి గేరుకూ షాఫ్టు, జాయింట్లు, మౌంటింగులు దెబ్బ తింటాయి. రేసువాళ్ళు అది తెలిసే విప్పి చూసుకుంటూ ఉంటారు. సంతకు, ఆసుపత్రికి, పెళ్ళికి తిరిగే బండి రోజూ వందలసార్లు గేరు మారుస్తుంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చిన నాటి నుంచీ గేర్‌బాక్స్‌లు తయారుచేసేవాళ్ళు సుఖానికీ క్లచ్ ఆయుష్షుకూ మధ్యే దారి వెతుకుతున్నారు.

ఇప్పటి కార్లలో ఒత్తిడిని కంప్యూటర్ చూసుకుంటుంది. తిప్పడానికి నట్టు ఉండదు. కానీ ఆయిల్ మాడితే ఏ బండైనా ఒకటే. మీ గేరు మరీ మెత్తగా పడుతోందని మురిసిపోకండి, ఒకసారి ఆయిల్ చూపించండి. గట్టి దెబ్బ కావాలనుకుంటే దాన్ని రేసు ట్రాక్ మీద పరీక్షించుకోండి. ఊరి రోడ్డు మీద వడ్లు ఆరుతుంటాయి, వాటిని కాళ్ళతో తిరగేసే మనుషులుంటారు.