పైస్లీ: శాలువకు పేరిచ్చిన స్కాట్లండ్ నేత పట్టణం

పైస్లీ స్కాట్లండ్ పశ్చిమ లోతట్టు ప్రాంతంలో, వైట్ కార్ట్ నది ఒడ్డున ఉన్న చారిత్రక పట్టణం. గ్లాస్గో నగరానికి పడమరగా సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెన్‌ఫ్రూషైర్ ప్రాంతానికి ఇదే పాలనా కేంద్రం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ సుమారు 77 వేల మంది ఉన్నారు. తెలుగువారు చీర అంచుల మీద మామిడి పిందెగా గుర్తుపట్టే నమూనా ప్రపంచ వస్త్ర వ్యాపారంలో ఈ ఊరి పేరుతోనే చలామణి అవుతోంది. అయితే ఆ నమూనా ఇక్కడ పుట్టింది కాదు. శాలువల నేత కూడా ఇక్కడ సుమారు 70 ఏళ్లే వర్ధిల్లింది. ఊరికి పెద్ద సంపద తెచ్చింది, గోపురాలూ తోటలూ కట్టించింది కుట్టుదారం. చేమగ్గాల కాలం ఒకటి, దారపు మిల్లుల కాలం మరొకటి. ఈ రెండింటి ఆనవాళ్లూ నేటి పైస్లీలో పక్కపక్కనే కనిపిస్తాయి.

నేతకు ముందు

ఊరి చరిత్ర మఠంతో మొదలవుతుంది. మిరిన్ అనే ఐరిష్ సాధువు ఇక్కడ తొలి చర్చి నెలకొల్పాడని సంప్రదాయం చెబుతుంది. 1163లో స్కాట్లండ్ రాజు కొలువులో ప్రధాన గృహాధికారి (స్టూవర్డ్) అయిన వాల్టర్ ఫిట్జ్‌అలన్, ఇంగ్లండ్‌లోని మచ్ వెన్లాక్ నుంచి క్లూనియాక్ సన్యాసులను రప్పించి మఠం స్థాపించాడు. తరవాతి శతాబ్దంలో దానికి అబీ హోదా దక్కింది. 1307లో ఇంగ్లండ్ సేనలు దాన్ని తగలబెట్టాయి. వాల్టర్ వంశంవారు చేసిన కొలువు పేరే వారి ఇంటిపేరై స్టూవర్ట్ వంశంగా ప్రసిద్ధికెక్కింది. స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ కూతురు మార్జొరీ ఆ ఇంటి కోడలు. 1316లో ఆమెకు పుట్టిన కొడుకే తరవాత రెండవ రాబర్ట్‌గా, స్టూవర్ట్ వంశపు తొలి రాజుగా గద్దెనెక్కాడు. అందుకే పైస్లీని ఆ రాజవంశపు పుట్టినిల్లు అంటారు. 1488లో ఊరికి సంత, వ్యాపార హక్కులు లభించాయి.

నార నుంచి పట్టు వరకు

18వ శతాబ్దం మొదట్లో పైస్లీ ముఖ్యంగా నార బట్టలు, నార దారం తయారుచేసే ఊరు. ఈ దారపు కథలో క్రిస్టియన్ షా అనే స్త్రీది విచిత్రమైన స్థానం. 11 ఏళ్ల బాలికగా ఆమె చేసిన ఆరోపణల మీద పైస్లీలో మంత్రగత్తెల విచారణ జరిగి, 1697లో కొందరికి మరణశిక్ష అమలైంది. పెద్దయ్యాక ఆమే నాణ్యమైన సన్నని నార దారానికి పేరు తెచ్చింది. ఆ దారం ఆమె కుటుంబ ఎస్టేటు అయిన బార్గరన్ పేరుతో అమ్ముడయ్యేది.

1760 ప్రాంతంలో పలుచని పట్టు గాజ్ బట్ట నేత వచ్చింది, ఆ వెనక సన్నని నూలు మస్లిన్ వచ్చింది. పనితనం గల నేతకారులు, రంగులద్దేవారు, నమూనాలు గీసేవారు ఊళ్లో స్థిరపడ్డారు. నేటికీ కేంద్ర వీధుల పేర్లు షటిల్, సిల్క్, గాజ్, కాటన్, లాన్ అంటూ నాడెనూ బట్టల రకాలనూ తలపిస్తాయి.

కాశ్మీరు శాలువ, పైస్లీ నకలు

18వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, వర్తకులు కాశ్మీరు పష్మీనా శాలువలను బ్రిటన్‌కు తెచ్చారు. సంపన్న స్త్రీలలో వాటికి విపరీతమైన గిరాకీ పుట్టింది. కాశ్మీరులో ‘కానీ’ అనే నేత పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో చిన్న కొయ్య కండె వాడి, ఆ రంగు అవసరమైన మేరకే పోగు తిప్పుతారు. ఒక్క శాలువకు నెలలు, కొన్నిటికి ఏడాదికి మించి పట్టేది. ధర కూడా ఆ స్థాయిలోనే ఉండేది.

ఈ గిరాకీని తక్కువ ధరకు తీర్చే ప్రయత్నం మొదట ఎడిన్‌బరోలో, నారిచ్‌లో జరిగింది. 1805 ప్రాంతంలో ఆ పని పైస్లీకి చేరింది. పట్టు గాజ్ నేసి ఆరితేరిన చేతులు అప్పటికే సిద్ధంగా ఉండటం పైస్లీకి కలిసొచ్చింది. లండన్‌లో దిగిన కొత్త కాశ్మీరీ శాలువల నమూనాలను నకలు తీసి, ఇక్కడి మగ్గాలకు తగినట్టు మార్చుకునేవారు.

మొదట్లో వాడినవి లాగుడు మగ్గాలు. నేతగాడు నాడె విసురుతుంటే, పక్కన నిలబడిన కుర్రవాడు నమూనా ప్రకారం తాళ్లు లాగి పడుగు పోగులను పైకెత్తేవాడు. తరవాత చిల్లుల అట్టలతో పనిచేసే జకార్డు యంత్రం వ్యాపించాక ఆ కుర్రవాడి అవసరం తప్పింది, నమూనాలు మరింత పెద్దవీ జటిలమైనవీ అయ్యాయి. కాశ్మీరు పనికీ దీనికీ ముఖ్యమైన తేడా పేక పోగులో ఉంది. పైస్లీ మగ్గంలో ప్రతి రంగు పోగూ బట్ట వెడల్పంతా నడుస్తుంది. ముందువైపు అక్కరలేని చోట వెనక వేలాడుతుంది. నేత పూర్తయ్యాక ఆ వేలాడే పోగులను కత్తిరించేవారు, లేకుంటే శాలువ మోయలేనంత బరువయ్యేది. పాత శాలువ ఎక్కడిదో తేల్చడానికి నిపుణులు తిప్పి వెనకవైపు చూడటం అందుకే.

మామిడి పిందె నమూనాకు మూలం మొఘల్ కాలపు పూల మొక్క. 17వ శతాబ్దపు కాశ్మీరు శాలువల మీద అది సహజమైన పూల రెమ్మగా ఉంటుంది. కాలక్రమంలో గుబురుగా మారి, కొన వంగిన బూటాగా స్థిరపడింది. ఇరాన్ వస్త్రకళలోనూ దీనికి సుదీర్ఘ చరిత్ర ఉంది. పైస్లీ శాలువల్లో అది సాగి, మెలితిరిగి, శాలువ పొడవునా పాకింది. చౌక శాలువ ఊరూరా అమ్ముడయ్యేసరికి ఇంగ్లీషువారికి ఆ రూపమే పైస్లీ అయిపోయింది.

శాలువ వ్యాపారం ఫ్యాషన్‌ను నమ్ముకున్నది కనుక ఎగుడుదిగుళ్లు తప్పలేదు. 1841–43 మాంద్యంలో పట్టణంలోని తయారీ సంస్థల్లో సగానికి పైగా దివాలా తీశాయి, పురపాలక సంఘమే అప్పులు తీర్చలేని స్థితికి చేరింది. ఊరిని ఆదుకోవడానికి 1842లో విక్టోరియా రాణి పైస్లీ శాలువలు కొన్నది. 1870లలో దుస్తుల తీరే మారిపోయింది. స్కర్టును వెనకవైపు ఎత్తుగా ఉబ్బించి కుట్టించుకునే ఫ్యాషన్ వచ్చాక దాని మీద పెద్ద శాలువ కప్పుకోవడం కుదరలేదు. మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

నేతకారుల లోకం

పైస్లీ నేతకారుడు ఎక్కువగా తన ఇంటి కింది అంతస్తులోని మగ్గపు గదిలో, మట్టి నేల మీద పనిచేసేవాడు. నేల చెమ్మ వల్ల సన్నని పోగులు తెగకుండా ఉండేవి. పనివేళలు తన చేతిలో ఉండటంతో చదువు, కవిత్వం, రాజకీయ చర్చ మగ్గాల మధ్యనే సాగేవి. రాబర్ట్ టానహిల్ (1774–1810) మగ్గం నేస్తూ పాటలు కట్టి స్కాట్లండ్ అంతటా పేరు పొందాడు. అలెగ్జాండర్ విల్సన్ (1766–1813) ఒక మిల్లు యజమానిని ఎగతాళి చేస్తూ పద్యం రాసి జైలుకు వెళ్లాడు. 1794లో అమెరికాకు వలసపోయి, అక్కడి పక్షులను చిత్రాలతో సహా వర్ణించే బృహద్గ్రంథం రచించాడు. అమెరికా పక్షిశాస్త్రానికి పితామహుడిగా ఆయనను గౌరవిస్తారు. రాజకీయ సంస్కరణలు కోరిన 1820 నాటి రాడికల్ తిరుగుబాటులోనూ పైస్లీ నేతకారులు ఉన్నారు.

వారి పోరాటాల్లో అన్నిటికన్నా గుర్తుండిపోయింది స్మా షాట్ వివాదం. శాలువలోని రంగు పేకలను కట్టిపడేసే సన్నని పోగును స్మా షాట్ అనేవారు. పూర్తయిన శాలువలో అది కంటికి కనబడదు, కానీ అది లేకపోతే నేత వీడిపోతుంది. కనబడని పోగుకు మజూరీ ఇవ్వబోమని యజమానులు భీష్మించారు. ఆ పోగు ఖర్చు నేతకారులే భరించాల్సి వచ్చేది. దీర్ఘ పోరాటం తరవాత 1856లో యజమానులు దిగివచ్చి మజూరీ ఒప్పుకున్నారు. ఆ గెలుపు గుర్తుగా జులై మొదటి శనివారం నేతకారులకు పండుగైంది. మధ్యలో ఆగిన ఈ ఉత్సవాన్ని 1980లలో పునరుద్ధరించారు. చార్ల్‌స్టన్ డప్పు అని పిలిచే డోలు మోగిస్తూ ఊరేగింపు తీస్తారు. కార్క్ అని పిలిచే యజమాని దిష్టిబొమ్మను తగలబెడతారు.

దారపు సామ్రాజ్యం

నెపోలియన్ యుద్ధాల్లో బ్రిటన్‌కు పట్టు దిగుమతి చిక్కుల్లో పడింది. మగ్గంలో పడుగు పోగులను పట్టి ఎత్తే కళ్లకు పట్టు దారమే వాడేవారు. దానికి బదులుగా పైస్లీకి చెందిన క్లార్క్ కుటుంబం నునుపైన నూలు దారం తయారుచేసింది. మగ్గం కోసం పుట్టిన ఆ దారం కుట్టుపనికీ పనికొస్తుందని తేలింది. 1812లో సీడ్‌హిల్ దగ్గర దారపు కర్మాగారం వెలిసింది. 1826లో జేమ్స్ కోట్స్ ఫెర్గస్లీలో రెండవ పెద్ద మిల్లుకు పునాది వేశాడు. 19వ శతాబ్దం మధ్యలో కుట్టుమిషను ఇంటింటికీ చేరడంతో దారపు రీలుకు ప్రపంచమంతా బజారైంది. రెండు కుటుంబాలూ అమెరికాలో కూడా మిల్లులు పెట్టాయి. 1896లో పోటీ మాని జె అండ్ పి కోట్స్ అనే కంపెనీగా ఒకటయ్యాయి. 20వ శతాబ్దం ఆరంభానికి ఆ కంపెనీ బ్రిటన్‌లోని అతి పెద్ద కంపెనీలలో ఒకటి.

మగ్గపు గది మగవాడి రాజ్యమైతే, మిల్లు పనివారిలో అత్యధికులు స్త్రీలు, బాలికలు. ఉచ్చదశలో పైస్లీ మిల్లుల్లో సుమారు 10 వేల మంది పనిచేశారు. సగం రోజు మిల్లులో, సగం రోజు బడిలో గడిపే పిల్లల కోసం ఫెర్గస్లీలో కట్టిన పాఠశాల భవనానికి హాఫ్ టైమర్స్ స్కూల్ అనే పేరు నిలిచింది. 20వ శతాబ్దం రెండో సగంలో ఉత్పత్తి తక్కువ ఖర్చయ్యే దేశాలకు తరలింది. పైస్లీలో దారం తయారీ 1990ల తొలినాళ్లలో ముగిసింది. కోట్స్ కంపెనీకి దక్షిణ భారతంతో నేరుగా సంబంధం ఉంది. మదుర కోట్స్ కంపెనీ పేరులోని రెండో సగం పైస్లీదే.

చూడదగిన స్థలాలు

పైస్లీ అబీ: మధ్యయుగపు ప్రధాన భాగానికి 19, 20వ శతాబ్దాల్లో చేసిన పునర్నిర్మాణం జతైంది. మార్జొరీ బ్రూస్‌దిగా చెప్పే సమాధి, మూడవ రాబర్ట్ సమాధి, ప్రాచీన బరోఖన్ శిలువ లోపల ఉన్నాయి. 1990లలో బాగుచేసినప్పుడు చెక్కిన నీటితూము బొమ్మల్లో ఒకటి ఏలియన్ సినిమాలోని ప్రాణిని పోలి ఉండటంతో సందర్శకులు ప్రత్యేకంగా వెతికి చూస్తారు. సమీపంలో టానహిల్, విల్సన్‌ల విగ్రహాలున్నాయి.

స్మా షాట్ కాటేజీలు: షటిల్ వీధిలో 18వ శతాబ్దపు నేతకారుడి ఇల్లు, దాని వెనక తోట, ఆవల విక్టోరియా కాలపు మిల్లు కూలీల ఇళ్లు ఉన్నాయి. ఊరి రెండు కాలాలనూ కొన్ని అడుగుల దూరంలో పోల్చి చూసుకోవచ్చు. స్థానిక చరిత్ర సంఘం స్వచ్ఛంద కార్యకర్తలతో నడుపుతోంది. తెరిచే రోజులు పరిమితం.

పైస్లీ మ్యూజియం: సర్ పీటర్ కోట్స్ విరాళంతో 1871లో ప్రారంభమైంది. వెయ్యికి పైగా శాలువలు, మగ్గాలు, నమూనా పుస్తకాలు ఇక్కడి ప్రధాన సంపద. 2018లో భారీ పునరుద్ధరణ కోసం మూసివేశారు కనుక ప్రయాణానికి ముందు ప్రవేశ వివరాలు సరిచూసుకోవడం మంచిది. దీనికి ఆనుకునే 1883 నాటి కోట్స్ అబ్జర్వేటరీ ఉంది.

యాంకర్ మిల్లులు: నది ఒడ్డున మిగిలిన ఎర్ర ఇటుక భవనాల్లో ఇప్పుడు ఇళ్లు, కార్యాలయాలు ఉన్నాయి. మైల్ ఎండ్ మిల్లులోని చిన్న ప్రదర్శనశాలలో దారపు యంత్రాలు, కార్మికుల జ్ఞాపకాలు చూడవచ్చు.

దారపు కుటుంబాల కట్టడాలు: ఫౌంటెన్ గార్డెన్స్ (1868), టౌన్ హాల్ (1882), థామస్ కోట్స్ స్మారక చర్చి (1894) ఈ కోవలోవి. హాల్ క్లార్క్‌లది, తక్కిన రెండూ కోట్స్‌లవి. చర్చిలో ఆరాధనలు 2018లో ఆగిపోయాయి.

న్యాయశాస్త్రం చదివినవారికి ఈ ఊరు మరో కారణంగా పరిచయం. 1928లో ఇక్కడి వెల్‌మెడో కఫేలో జింజర్ బీర్ సీసాలో కుళ్లిన నత్త ఉందన్న ఫిర్యాదే 1932 నాటి డొనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ తీర్పుకు దారితీసింది. తయారీదారు వినియోగదారు పట్ల జాగ్రత్త వహించాలనే ఆ సూత్రం భారతీయ న్యాయ కళాశాలల్లోనూ తప్పనిసరి పాఠం. ఆ స్థలంలో స్మారక ఫలకం ఉంది.

ప్రయాణ సౌకర్యాలు

గ్లాస్గో సెంట్రల్ నుంచి పైస్లీ గిల్మూర్ స్ట్రీట్ స్టేషనుకు రైల్లో సుమారు 10 నిమిషాలు. గ్లాస్గో విమానాశ్రయం పట్టణానికి ఉత్తరంగా ఆనుకునే ఉంది. స్టేషను నుంచి అబీ, టౌన్ హాల్, కాటేజీలు, మ్యూజియం అన్నీ నడిచి చూడగలిగిన దూరంలోనే ఉన్నాయి. మిల్లులకు నది వెంట కొంచెం ముందుకు వెళ్లాలి. ఎండాకాలంలోనూ వాన పడే ప్రాంతం కాబట్టి గొడుగు వెంట ఉండాలి. నేతకారుల ఊరేగింపు చూడాలనుకునేవారు జులై మొదటి శనివారానికి చేరుకునేలా ప్రయాణం పెట్టుకోవాలి.