వేలిముద్రల గుర్తింపు

వేలిముద్రల గుర్తింపు అనగా చేతివేళ్ల కొసలపై ఉండే గీతల అమరికను యంత్రంతో గ్రహించి, అంతకుముందు నమోదు చేసి ఉంచిన ముద్రతో పోల్చి, ఆ మనిషి ఎవరో నిర్ధారించే పద్ధతి. శరీర లక్షణాలను బట్టి మనిషిని గుర్తించే ఇటువంటి విధానాలను బయోమెట్రిక్ విధానాలు అంటారు. వేలిముద్ర, కంటిలోని ఐరిస్, ముఖం వీటిలో ముఖ్యమైనవి. ఆంధ్రప్రదేశ్‌లో చౌక ధరల దుకాణంలో బియ్యం తీసుకొనడానికి, సామాజిక పింఛను అందుకొనడానికి, స్థిరాస్తి రిజిస్ట్రేషనుకు వేలిముద్ర వేయడం పరిపాటి అయినది. యంత్రం "సరిపోయినది" లేక "సరిపోలేదు" అని మాత్రమే చెప్పినా, ఆ జవాబు వెనుక ఉన్నది ఒక అంచనా. ముద్ర సరిపోనంత మాత్రాన ఆ మనిషి వేరొకరని అర్థం కాదు. కూలిపని ఎక్కువగా ఉండే జగ్గయ్యపేట, నందిగామ వంటి మెట్ట ప్రాంతాలలో ఈ తేడా తెలిసి ఉండడం అవసరం.

వేలి గీతలు

వేలి కొసన చర్మం మిరప చేనులోని బోదెలు, కాలువల వలె ఉబ్బెత్తు గీతలతోను, వాటి నడుమ పల్లాలతోను ఉంటుంది. ఈ గీతలు గర్భస్థ దశలో సుమారు పదవ వారం నుండి ఏర్పడడం మొదలై, ఆరవ నెల నాటికి స్థిరపడతాయి. వీటి రూపం చర్మం లోపలి పొరలో నిర్ణయమవుతుంది. అందువలన పైపొర అరిగినా, చిన్న గాయమైనా తిరిగి అదే రూపంలో వస్తాయి. లోపలి పొర వరకు దెబ్బ తగిలితే మాత్రం మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. ఒకే అండం నుండి పుట్టిన కవలలకు కూడా వేలిముద్రలు వేరువేరుగా ఉంటాయి.

ముద్రలు ప్రధానంగా మూడు రకాలు: ఉచ్చు, సుడి, కమాను. నూటికి సుమారు అరవై ఐదు ఉచ్చులు, ముప్పై సుడులు, మిగిలినవి కమానులు. సాముద్రికంలో చెప్పే "చక్రం" ఈ సుడియే.

చరిత్ర

వేలిముద్రల గుర్తింపు చరిత్రలో భారతదేశానికి ముఖ్యమైన స్థానం కలదు. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేసే గుత్తేదారు చేత ఒప్పంద పత్రంపై అరచేతి ముద్ర వేయించాడు. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ విషయంపై గ్రంథం ప్రచురించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. అక్కడ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే భారతీయ ఉద్యోగులు ముద్రలను వర్గీకరించే పద్ధతిని రూపొందించడంలో ప్రధాన పాత్ర వహించారు. అయితే ఆ పద్ధతి వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతోనే ప్రసిద్ధమైంది. పది వేళ్లలో ఒక్కొక్క వేలికి సుడి ఉన్నదా, లేదా అని చూస్తే రెండేసి అవకాశాలు. కనుక మొత్తం రెండు పదవ ఘాతం, అనగా 1024 వర్గాలు వస్తాయి. కాగితపు కార్డుల కాలంలో వెదకవలసిన రాశిని ఈ లెక్క ఎంతో తగ్గించింది.

సెన్సార్లు పనిచేయు విధానం

వేలిముద్రను గ్రహించే భాగాన్ని సెన్సార్ అంటారు. వాడుకలో మూడు రకాలు ఎక్కువ.

కాంతి సెన్సార్: ఇందులో గాజు పట్టకంపై వేలు ఉంచుతారు. వేలు లేని చోట కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెంది కెమెరాకు చేరుతుంది. చర్మపు ఉబ్బెత్తు గీత గాజును తాకిన చోట ఆ పరావర్తనం చెడిపోయి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పల్లాలు గాజును తాకవు కనుక తెల్లగా ఉంటాయి.

కెపాసిటివ్ సెన్సార్: ఇందులో అతి చిన్న విద్యుత్ పలకలు వరుసలుగా ఉంటాయి. గీత దగ్గరగా ఉన్న చోట ఒక విలువ, పల్లం ఉన్న చోట మరొక విలువ నమోదవుతాయి. అనేక సెల్‌ఫోన్లలో ఉండేది ఇదే.

అల్ట్రాసోనిక్ సెన్సార్: ఇది చెవికి వినపడని ధ్వని తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనిని బట్టి గీతల ఎత్తుపల్లాలను కొలుస్తుంది.

గుర్తింపు అవసరాలకు సాధారణంగా అంగుళానికి 500 చుక్కల స్పష్టత కల చిత్రాన్ని తీస్తారు.

పోల్చే విధానం

కంప్యూటరు మొదట చిత్రాన్ని శుభ్రపరచి గీతలను సన్నబరుస్తుంది. తరువాత గీత ఆగిపోయిన చోట్లను, ఒక గీత రెండుగా చీలిన చోట్లను గుర్తిస్తుంది. వీటిని మినూషియా అంటారు. ఒక్కొక్క బిందువు ఉన్న స్థానం, అక్కడ గీత దిశ అంకెలుగా మారి ఒక పట్టికగా ఏర్పడతాయి. కొత్త ముద్ర పట్టికను పాత పట్టికతో పోల్చి ఎంతవరకు కలిసినదో మార్కులు వేస్తారు. నిర్ణయించిన మార్కులు దాటితే "సరిపోయినది", లేకుంటే "సరిపోలేదు".

ఇది పరీక్షలో ఉత్తీర్ణతా మార్కుల వంటిది. గీటు ఎత్తు పెంచితే ఒకరి పేరుతో మరొకరు చొరబడడం తగ్గుతుంది, కాని అసలు మనిషినే తిరస్కరించడం పెరుగుతుంది. గీటు తగ్గిస్తే దీనికి వ్యతిరేకం. రెండు తప్పులనూ ఒకేసారి పూర్తిగా తొలగించగల గీటు లేదు.

ధ్రువీకరణ, అన్వేషణ

"నేను ఫలానా" అని చెప్పిన మనిషి ముద్రను అతని పాత ముద్రతో మాత్రమే పోల్చడం ధ్రువీకరణ. రేషన్ దుకాణంలో జరిగేది ఇదే. ఒక ముద్రను మొత్తం జనాభా ముద్రలన్నింటితో పోల్చడం అన్వేషణ. ఇది చాలా కష్టమైనది. పది లక్షల పోలికలకు ఒక్క పొరపాటు వస్తుందనుకొన్నా, వంద కోట్ల ముద్రలతో పోల్చినప్పుడు వేయి తప్పుడు పోలికలు వస్తాయి. అందువలన ఆధార్ నమోదులో పది వేళ్లు, రెండు కళ్ల ఐరిస్, ముఖచిత్రం కలిపి తీసుకొంటారు.

తెలుగునాట వినియోగం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ప్రాంతంలో రేషన్ కార్డుల కొరకు ఐరిస్ చిత్రాలు తీశారు. తరువాత ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపునకు వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డులు ప్రవేశపెట్టారు. 157 మండలాలలో జరిగిన ఒక పరిశోధనలో వీటి వలన చెల్లింపులు త్వరితమైనట్లు, మధ్యలో సొమ్ము కారిపోవడం తగ్గినట్లు తేలింది. 2009లో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడగా, 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్య జారీ అయినది. ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాలలో 2015 నుండి ఈ-పాస్ యంత్రాలు విస్తరించాయి.

మెట్ట ప్రాంతంలో ఇబ్బందులు

జగ్గయ్యపేట, నందిగామ పూర్వపు కృష్ణా జిల్లా మెట్టలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఇక్కడ మిరప, పత్తి ప్రధాన పంటలు. జగ్గయ్యపేట పరిసరాలలో సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు కలవు. మిరపకాయలు, పత్తి ఏరేవారు, రాయి కొట్టేవారు, తాపీ పనివారు చేతులను నిత్యం రాపిడికి గురిచేస్తారు. సిమెంటు, సున్నం క్షార గుణం వలన చర్మపు పైపొరను తినివేస్తాయి. వయసు మళ్లినకొద్దీ చర్మం బిగువు తగ్గి గీతలు చదును అవుతాయి. కొన్ని క్యాన్సర్ మందుల వలన కూడా ముద్రలు మాసిపోతాయి.

దీని పర్యవసానం లెక్క వేసి చూడవచ్చు. 600 కార్డులున్న దుకాణంలో నూటికి ఇద్దరి ముద్రలు పడలేదనుకొంటే, 12 కుటుంబాలు ఆగిపోతాయి. నూటికి 98 అనే అంకె పరీక్షలో గొప్పదే, కాని ఆ 12 ఇళ్లలో బియ్యం ఉండవు. పైగా ఈ తిరస్కరణ అందరికీ సమానంగా రాదు. వృద్ధులకు, కాయకష్టం చేసేవారికి, అనగా ఆ బియ్యం ఎక్కువ అవసరమైనవారికే మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రత్యామ్నాయ మార్గాలు

ముద్ర పడనప్పుడు చేయి కడిగి తుడుచుకొని, మరీ పొడిగా ఉంటే కొద్దిగా తడి చేసుకొని, వేరే వేలితో ప్రయత్నించాలి. కుటుంబంలో కార్డులో పేరున్న మరొకరు ముద్ర వేయవచ్చు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలను తిరిగి నమోదు చేయించుకొనవచ్చు. పిల్లలకు 5 సంవత్సరాలు, 15 సంవత్సరాలు నిండినప్పుడు ఇది తప్పనిసరి. ఐరిస్, ముఖం, సెల్‌ఫోనుకు వచ్చే ఓటీపీ ఇతర మార్గాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పాస్ వచ్చిన తొలి సంవత్సరాలలో గ్రామ రెవెన్యూ అధికారి తన ముద్ర వేసి సరుకులు ఇప్పించే వెసులుబాటు కల్పించారు.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకు ఆధార్ వాడకాన్ని సమర్థిస్తూనే, ధ్రువీకరణ విఫలమైనదనే కారణంతో అర్హులకు ప్రయోజనం నిరాకరించరాదని స్పష్టం చేసింది.

మోసాలు, రక్షణ

రహస్య పదం బయటపడితే మార్చుకొనవచ్చు, వేలిని మార్చుకొనలేము. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ పత్రాలలోని వేలిముద్రల నుండి రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు పొందిన ఉదంతం బయటపడింది. 2022లో రాచకొండ పోలీసులు పట్టుకొన్న ముఠా, కువైట్ నుండి పంపివేయబడినవారు తిరిగి అక్కడికి వెళ్లగలిగేందుకు వేళ్ల కొసలకు శస్త్రచికిత్సలు చేసేది. ఇటువంటి మోసాలను అడ్డుకొనడానికి, తాకినది జీవమున్న వేలా కాదా అని పరీక్షించే యంత్రాలను వాడుతున్నారు. ఆధార్ కలవారు తమ బయోమెట్రిక్ వివరాలకు తామే తాళం వేసుకొని, అవసరమైనప్పుడు తెరుచుకొనే సదుపాయం కూడా కలదు.

ఇవి కూడా చూడండి

ఆధార్
ప్రజా పంపిణీ వ్యవస్థ
సంపూర్ణాంతర పరావర్తనం
జగ్గయ్యపేట
నందిగామ