స్వేచ్ఛకు కట్టుబాటు

కంప్యూటరుచేత పని చేయించు ఆదేశముల వ్రాతకే సాఫ్టువేరని పేరు. తొలినాళ్లలో విద్యాలయములవారు ఆ వ్రాతను ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనుచుండిరి. పిమ్మట వర్తక సంఘములు మూలమును దాచి, యంత్రమునకు మాత్రమే తెలియు రూపమును అమ్మసాగినవి. పొరుగువానికి ప్రతి నిచ్చుట నేరముగా నెంచబడెను.

దీనిని సహింపక, అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పనిచేయుచుండిన రిచర్డు స్టాల్‌మను, ఎల్లరు స్వేచ్ఛగా వాడుకొనదగిన 'గ్ను' అను సాఫ్టువేరును నిర్మింతునని 1983 సెప్టెంబరు 27న ప్రకటించెను. 1984లో ఉద్యోగమును విడిచెను.

అయినను, ఊరక పంచిపెట్టినచో, దానిని కొంత మార్చి మరల దాచుకొనువారుందురు. చెరువు త్రవ్వించినవాడు తూమునకు కట్టుబాటు చేయకున్న, నీరంతయు బలవంతుని పొలమునకే పారును గదా! అందుచే నాయన 1989లో ఒక అనుమతిపత్రమును వెలువరించెను. చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, వెలకైనను అమ్మవచ్చును; కాని తనకు లభించిన హక్కులనే పుచ్చుకొనువానికిని ఈయవలెను. గ్రంథకర్తకు చట్టమిచ్చిన స్వామ్యమే ఈ నియమమునకు బలము.

1991లో ఫిన్లండు విద్యార్థియైన లైనసు టోర్వాల్డ్సు 'లినక్సు'ను వెలువరించి, మరుసటి యేడు దానిని ఈ పత్రపు రెండవ కూర్పునకు లోబరచెను. నేటి ఆండ్రాయిడు ఫోనులకు ఆధారమదియే.

శ్రోతలారా, ఈ చరిత్రను అభిమానముతో అనుసరించుచున్న నాకు, దాత యొక్క ఔదార్యముకంటె, ఆ దానము చేతులు మారినను చెడకుండ వేసిన కట్టుబాటే మిన్నగా తోచుచున్నది.