మూలపేట దారిలోని భోజనశాలలు

ఆంధ్రదేశమున అన్నము వెలకు దొరకుట నిన్న మొన్నటి ముచ్చట కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము ఓరుగంటి వీథులను వర్ణించుచు, ఒక్క రూక పుచ్చుకొని పప్పు, నేయి, పిండివంటలు, పెరుగుతో కడుపునిండ భోజనము పెట్టు పూటకూటి ఇంటిని మనకు చూపినది. 1897 లో అచ్చుపడిన కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను, ఆమె యింట గిరీశము తిన్న తిండిని ఎరుగని తెలుగువాడుండడు. అయితే ఓరుగల్లు రాజధాని, ఆ నాటకము నడచిన విజయనగరము సంస్థానపు పట్టణము. శ్రీకాకుళము జిల్లాలోని టెక్కలి, నౌపడ, మూలపేట వంటి తావులలో, ఇంటింటను చోడి అంబలియో చద్దియో సిద్ధముగా నుండగా, తన ఊరిలో తాను రొక్కమిచ్చి అన్నము కొనువాడెవడు? ఇచ్చటి భోజనశాల దారిని పోవువానికై పుట్టినది. దారులు మారిన కొలది అదియు రూపు మార్చుకొనుచు వచ్చినది.

మొదటి దారి పూరీ జగన్నాథమునకు పోవునది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశికి బయలుదేరి, మరుసటియేట తిరుగు ప్రయాణమున జగన్నాథము, ఇచ్ఛాపురము, శ్రీకాకుళముల మీదుగనే ఇల్లు చేరిరి. అట్టి సంపన్నులు పరివారమును వెంటబెట్టుకొని నడచినవారు. అంత స్తోమత లేని బ్రాహ్మణ యాత్రికునకు సత్రము శరణ్యము, తక్కినవారికి చెట్టునీడ, మూడు రాళ్ళ పొయ్యి, మూటలోని బియ్యము. సత్రములను ధర్మసంస్థలని మనము కొనియాడుట న్యాయమే గాని, ఆ ధర్మము పంక్తిని చూచి వడ్డించెడిదన్న సంగతిని మరువరాదు.

1893 మొదలు 1896 వరకు కటకమునకును బెజవాడకును నడుమ ఇనుపదారి పడిన పిమ్మట కథ మారెను. పర్లాకిమిడి మహారాజు తన పట్టణమునుండి నౌపడ వరకు రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్న రైలుమార్గమును వేయించగా, అది 1900 లో ప్రారంభమయ్యెను. 1931 నాటికి గుణుపురము వరకు సాగెను. టెక్కలి ఆ చిన్న రైలుదారిలోని ఊరే. పెద్దబండి దిగి చిన్నబండి ఎక్కవలసిన వ్యాపారియు, కచేరీలో వ్యాజ్యమున్న రైతును, పెండ్లికి పోవు కుటుంబమును నౌపడలో గంటలకొలది కూర్చుండవలసి వచ్చునప్పుడు ఆకలి యగుట సహజము గదా! తెలుగునాట స్టేషనులున్న ప్రతి ఊరను ఇట్టి నిరీక్షణమే కాఫీ హోటలును పోషించినదని నా అభిప్రాయము. ఇడ్లీ, ఉప్మా, పొగలు గ్రక్కు కాఫీ: వండువాడు తరచు బ్రాహ్మణుడు, తినువారు మాత్రము సర్వులు. సర్వులన్న మాట పూర్తిగా నిజము గాదు. బ్రాహ్మణులకు వేరుగది, కొందరికి గడప యవతల నిలుకడ, తెలుగునాట చాల హోటళ్ళలో నుండెడివి. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము అంగళ్ళతోపాటు భోజనశాలలను పేరెత్తి చెప్పి, కులమును బట్టి ఎవ్వరిని ఆపరాదని శాసింపవలసి వచ్చెను. చిన్న రైలు 2004 లో నిలిచి, 2011 నాటికి పెద్దదారిగా మారి మరల నడచుచున్నది. బండి మారు ప్రయాణికుని నిరీక్షణము మునుపటివలె లేదు.

1936 ఏప్రిలులో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అటు పోయినను, నాలుకకు సరిహద్దు పడలేదు. పలాస, ఇచ్ఛాపురముల వైపు మరమరాలు నమలుచు, ఛెనాపోడ మిఠాయి కొనుచు కనబడువారిలో తెలుగువాడెవడో ఒడియావాడెవడో పోల్చుట కష్టము.

శ్రమజీవుల వలన పుట్టిన భోజనశాలయే నా మనసునకు దగ్గరది. నౌపడ ఉప్పుమడులలో తెల్లవారకమునుపే దిగువారికి, పలాస-కాశీబుగ్గ జీడి బట్టీలలో పిక్కలు కాల్చి కొట్టువారికి, వంట ముగించుకొని పనికిపోవు వ్యవధి యెక్కడిది? వీరికై తాటాకు పాకలలో వెలసిన హోటళ్ళకు పేరుపలకలుండవు. ఒక పొయ్యి, రెండు బల్లలు, నీళ్ళ కుండ, వడ్డించు ఇల్లాలు ఉండును. జాతీయరహదారి వెంబడి వెలుగు హోటళ్ళలో జీడిపప్పు కూర ప్రసిద్ధము. అది తినదగినదే కాని, అది బాటసారుల భోగము, పిక్కలు కొట్టు చేతులకు నిత్యాహారము కాదు. కొబ్బరి, జీడి తోటలతో నిండిన ఈ ఉద్దానపు సీమ వంటను చూడగోరువాడు పనసకాయ కూరను, ఆవపెట్టిన పనసపొట్టును, బెల్లము తగిలిన పులుసును అడుగవలెను. 2018 అక్టోబరు 11 న తీరము దాటిన తిత్లీ తుపాను ఈ తోటలలో కొబ్బరిని, జీడిని, పనసను నేలగూల్చిపోయినది. పెరటిచెట్టును నమ్ముకొన్న వంటకు అది ఎంత దెబ్బయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు దారి సముద్రమువైపు తిరిగినది. సంతబొమ్మాళి మండలములోని మూలపేటలో నౌకాశ్రయమునకు 2023 ఏప్రిలు 19 న శంకుస్థాపన జరిగెను. మొన్నమొన్నటివరకు భావనపాడు పేరనే దానిని పిలుచుచుండిరి. కట్టడములు లేచుచున్న చోటికి దూరప్రాంతపు కూలీలు, లారీ నడుపువారు వచ్చుట సహజమే; వారికి రొట్టెయు పప్పును కావలెను. రేవు కట్టు చోటెల్ల రొట్టెల పెనము వెలయుట కొత్తగాదు గనుక దానిని దిగులుతో చూడబనిలేదు; అన్నమును రొట్టెయు నొకే పొయ్యిమీద వండగల గృహిణులు ఈ తీరమున లేకపోలేదు. నాకు గల చింత ఒక్కటియే. రేవు పూర్తియై పెద్ద పెద్ద క్యాంటీనులు వచ్చిన పిదప ఈ పాకలకు చోటు చూపువారెవరు? రేవుకొరకు ఊళ్ళు కదలినవారికి ఇండ్లస్థలములిచ్చు పట్టికలలో పొయ్యిరాతికి గడి యుండదు.

వచ్చువారికి ఒక సలహా. భావనపాడు వైపు పడవలు ఒడ్డున బడిన దినమున పోవుడు. ఏ చేప పడినదో మొదట విచారించి, తరువాత కూర చెప్పుడు. ఎండు నెత్తళ్ళ వేపుడు ఏ దినమైనను దొరకును, తాజా పులుసు మాత్రము మధ్యాహ్నము ఒంటిగంట దాటిన నడుగంటును.