లైసెన్సు రెన్యువల్: ముప్పై రోజుల గడువు పోయిన కథ

ఎక్స్‌పైరీ డేట్ అంటే మన ఐటీ జనాలకి కొత్తేం కాదు. సర్వర్ సర్టిఫికెట్ గడువు తీరితే అర్ధరాత్రి లేచి పరుగెత్తేది మనమే. మరి జేబులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో కార్డు తీయకుండా చెప్పగలరా? చాలామంది చెప్పలేరని నా పందెం :)

మాది ముప్కాల్. ఆర్మూరు దాటి నాగపూర్ వైపు వెళ్తుంటే హైవే పక్కనే వస్తుంది. ఒకప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడది నలభై నాలుగు. 2016 దాకా బాల్కొండ మండలంలో ఉండేది, ఆ ఏడు జిల్లాలు విడగొట్టినప్పుడు సొంతంగా మండలమైంది. పసుపు పండే నేల. పసుపు బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకి చేరాలంటే ట్రాక్టరో, డీసీఎమ్మో కావాలి. ఇంకోవైపు, ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గల్ఫ్ పోయినవాళ్ళు బోలెడుమంది, అందులో డ్రైవర్లూ ఉన్నారు. అంటే ఇక్కడ లైసెన్సు కొందరికి బతుకుదెరువు. అందుకే దీని చరిత్ర కొంచెం తవ్వాలనిపించింది.

అసలు ఈ రెన్యువల్ అనేది ఎందుకు పుట్టింది? డ్రైవరుకి బండి నడపడం ఇంకా వచ్చా, కళ్ళు కనిపిస్తున్నాయా అని చూడటానికి అనుకుంటాం. కాదు. బ్రిటన్‌లో 1903 చట్టం ప్రకారం 1904 జనవరి నుంచి లైసెన్సు తప్పనిసరి చేశారు. ఐదు షిల్లింగులు కడితే ఇచ్చేసేవాళ్ళు, ఏటా మళ్ళీ కట్టాలి. పరీక్ష లేదు! అక్కడ డ్రైవింగ్ టెస్టు తప్పనిసరి అయింది 1935లో. అంటే టెస్టు కన్నా రెన్యువలే ముప్పై ఏళ్ళు పెద్దదన్నమాట. మొదట్లో దాని పని ఫీజు వసూలు, ఎవరు నడుపుతున్నారో రాసిపెట్టుకోవడం, అంతే.

బ్రిటిష్ ఇండియాకి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది, 1939లో ఇంకొకటి. ఇప్పుడు మనం వాడుతున్నది 1988 చట్టం, అమల్లోకి వచ్చింది 1989 జూలై 1న. 2019లో దీనికి పెద్ద సవరణ జరిగింది, ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి అమలైంది. జరిమానాలు పెరిగాయని అప్పుడు టీవీల్లో ఒకటే గోల. రెన్యువల్ సెక్షన్లలో ఏం మారిందో మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మన భాషలో చెప్పాలంటే, పాత కోడు కొత్త కోడు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు: సొంత బండి వాళ్ళకి ఇరవై ఏళ్ళు లేదా యాభై ఏళ్ళ వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అది. ట్రాన్స్‌పోర్టు డ్రైవర్లకి మూడేళ్ళే. గడువు తీరాక కూడా ముప్పై రోజులు లైసెన్సు చెల్లేది. మళ్ళీ టెస్టు పెట్టాలంటే ఐదేళ్ళు దాటాలి.

తరువాత: ముప్పై లోపు వయసు వాళ్ళకి నలభై వచ్చేదాకా, ముప్పై నుంచి యాభై లోపు వాళ్ళకి పదేళ్ళు. ట్రాన్స్‌పోర్టు వాళ్ళకి ఐదేళ్ళు చేశారు, ఇది మంచిదే. రెన్యువల్‌కి గడువుకి ఏడాది ముందూ, ఏడాది తరువాతా అప్లై చేసుకోవచ్చు. ఏడాది దాటితే మళ్ళీ టెస్టు. ఇక ఆ ముప్పై రోజుల వాక్యం ఉందే, దాన్ని తీసేశారు.

ఒక్క వాక్యం తీసేస్తే ఏమవుతుంది? మన రాష్ట్రంలోనే జరిగింది చూడండి. 2022లో తెలంగాణ పోలీసు నియామక బోర్డు డ్రైవర్ ఉద్యోగాలకి నోటిఫికేషన్ ఇచ్చింది. నోటిఫికేషన్ నాటికి రెండేళ్ళుగా ఎడతెగకుండా లైసెన్సు ఉండాలని షరతు. కొందరి లైసెన్సుల గడువు ఆ మధ్యలో తీరింది, తరువాత ఏడాది లోపే రెన్యువల్ చేయించుకున్నారు. ఏడాది టైమ్ చట్టమే ఇచ్చింది కదా అని వాళ్ళ వాదన. హైకోర్టు సరేనంది. 2025లో సుప్రీంకోర్టు కాదంది. ఆ ఏడాది అప్లై చేసుకోవడానికే గానీ బండి నడపడానికి కాదు, రెన్యువల్ చేయించుకున్న రోజు నుంచే మళ్ళీ లైసెన్సు ఉన్నట్టు, మధ్యలో ఖాళీ ఖాళీయే అని తేల్చింది. చట్టం రాసిన తీరు చూస్తే కోర్టు చెప్పింది తప్పనలేం. కానీ స్టీరింగ్ పట్టి బతికేవాడికి ఒక తేదీ జారిపోతే సర్కారీ నౌకరే జారిపోయింది.

గల్ఫ్ వాళ్ళది ఇంకో బాధ. రెండు మూడేళ్ళకోసారి ఇంటికి వచ్చేవాళ్ళకి పాత ఐదేళ్ళ లెక్క సరిపోయేది. ఇప్పుడు ఏడాదే. "దుబాయిల నాలుగేండ్లు ట్రైలర్ నడిపిన, ఇక్కడ మళ్ళ టెస్టు ఇయ్యాల్నా తమ్మీ?" అని మా ఊరి కాకా ఒకాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇయ్యాల్సిందే కాకా, చట్టం అట్లనే ఉంది.

నా అభిప్రాయం ఏంటంటే, గడువు తీరిన లైసెన్సుతో రోడ్డెక్కడం తప్పే. యాక్సిడెంటయితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది కూడా. కానీ నెలలోపు అప్లై చేసినవాడికి పాత తేదీ నుంచే రెన్యువల్ లెక్కగడితే రోడ్డు మీద ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు, ఒకడి సర్వీసు మాత్రం తెగకుండా ఉంటుంది. ఐదు షిల్లింగుల కాలంలో రెన్యువల్‌కి తగ్గ చిన్న పర్యవసానమే ఉండేది. ఇవాళ దాని మీద ఉద్యోగం ఆధారపడుతున్నప్పుడు ఆ ముప్పై రోజుల వాక్యం వెనక్కి రావాలి.

అది వచ్చేలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఉన్నవాళ్ళ కార్డు మీద రెండు తేదీలుంటాయి. సొంత బండి తేదీ వేరు, ట్రాన్స్‌పోర్టు తేదీ వేరు. ఊళ్ళో మీ అన్నో బావో డ్రైవరయితే ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ రెండో తేదీ చదవమనండి. మీ ఫోన్లో రిమైండర్ పెట్టండి, గడువుకి ఆర్నెల్ల ముందుకి. ఏమంటారు?