1995: గాలి ఎవరి సొత్తు?



పోయిన భాగంలో కారంచేడు వార్త వాడవాడకు ఎట్లా చేరిందో రాశాను. చదివిన ఒక విద్యార్థి క్లాసు అయిపోయాక అడిగాడు: "సార్, అప్పటికి టీవీ ఉంది గదా? టీవీ ఏం చేసింది?" మంచి ప్రశ్న. ఈ భాగం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం. దానికోసం ఒక్క సంవత్సరాన్ని తీసుకుంటాను. 1995. తెలుగు ఇళ్లల్లోకి ప్రైవేటు టీవీ చానెళ్లు వచ్చిన సంవత్సరం.

దానికి ముందు నాలుగు ముక్కలు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న మొదలయ్యాయి, చదివింది శాంతి స్వరూప్. 1985లో కారంచేడు జరిగినా, 1991లో చుండూరు జరిగినా తెలుగువాళ్లకు ఉన్న టీవీ అదొక్కటే. అది ప్రభుత్వ టీవీ. ప్రభుత్వాన్ని నిలదీసే చోటు అందులో దొరకదు. కారంచేడును, చుండూరును జనంలోకి తీసుకుపోయింది పాట, డప్పు, కరపత్రం, కాలినడక.

టీవీకీ మనకూ మధ్య గొడవ అప్పటికే ఉత్తరాదిలో ఒకసారి బయటపడింది. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ప్రతి ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం వచ్చింది. పట్టాభిషేకంతో సీరియల్ ఆపేస్తామన్నప్పుడు జలంధర్‌లో వాల్మీకి కులస్థులైన సఫాయి కార్మికులు సమ్మెకు దిగారు. వాల్మీకి కథ ఉండే ఉత్తరకాండను కూడా తీయాలన్నది వాళ్ల డిమాండ్. సమ్మె వేరే పట్టణాలకూ పాకింది. చివరికి ప్రభుత్వం దిగివచ్చింది, సీరియల్ కొనసాగింపు వచ్చింది.

ఈ సమ్మెను నేను రెండు రకాలుగా చదువుతాను. చీపురు కింద పెడితే తప్ప వీళ్ల మాట టీవీకి వినపడలేదు, అది మొదటిది. రెండోది మనల్ని కొంచెం ఇబ్బంది పెట్టేది. వాళ్లు అడిగిన ఉత్తరకాండలోనే శంబూకుడి తల తెగిపడుతుంది. త్రిపురనేని రామస్వామి 'శంబూక వధ' చదువుకున్న తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తెరమీద చోటు కావాలని పోరాడినా, ఆ తెరమీద ఏ కథ నడవాలో తేల్చే అధికారం మాత్రం పోరాడినవాళ్ల చేతికి రాలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక 1995లోకి వద్దాం.

జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాజుకున్న ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం దాని వెనుక ఉంది. ఆ ఉద్యమంలో దళిత, బహుజన కూలీ తల్లులు ఎందరో. చానెళ్లు రాకముందే ప్రభుత్వం మెడలు వంచినవాళ్లు వాళ్లు.

ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార ప్రసార శాఖకూ మధ్య నడిచిన కేసు అది. తీర్పిచ్చిన ముగ్గురు న్యాయమూర్తులలో మన తెలంగాణ ప్రాంతం నుంచి వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ఆ తీర్పు సారం ఏమంటే: ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి. అవి ప్రభుత్వ గుత్తసొత్తు కావు, డబ్బున్నవాళ్ల సొత్తు కూడా కావు. వాటి వాడకాన్ని నియంత్రించడానికి సమాజంలోని అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఉండే స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేయాలి.

అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం. క్రికెట్ కేసులో ఇంత పెద్ద మాట దొరికింది. చెరువు మనది, బావి మనది అని మహాడ్‌లో బాబాసాహెబ్ నిలబడ్డట్టే, గాలి కూడా మనది అని నిలబడడానికి చట్టంలో ఒక ఆధారం దొరికింది. మనలో ఎంతమందిమి దాన్ని పట్టుకున్నాం?

అదే ఫిబ్రవరిలో జెమిని టీవీ వచ్చింది. మార్చిలో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చింది. కేబుల్ ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి, దూరదర్శన్ చానెళ్లను తప్పకుండా చూపించాలి. ఇట్లాంటివే ఆ చట్టంలోని నిబంధనలు. ఎవరికి చోటు దక్కాలి అనే ప్రశ్న అందులో లేదు.

జూన్ 3న లక్నోలో మాయావతి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఈ దేశంలో ఒక దళిత మహిళ ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. దానికి ముందురోజు గెస్ట్‌హౌస్‌లో ఆమె మీద దాడి జరిగింది. తెలుగులో 24 గంటల వార్తా చానెల్ అప్పటికి లేదు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆ వార్తను పేపర్లో చదివించుకుని విన్నారు.

ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. అప్పటికి రాష్ట్ర రాజకీయం మరుగుతోంది. తెలుగుదేశం ఎమ్మెల్యేలు హైదరాబాద్‌లో వైస్రాయ్ హోటల్‌లో ఉన్నారు, ఎన్.టి.రామారావు కుర్చీ కదులుతోంది. సెప్టెంబర్ 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. పేపరూ టీవీ ఒకే యాజమాన్యం చేతిలో ఉండే కాలం తెలుగులో ఆ వారమే మొదలైంది.

సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగాడు. ఢిల్లీలో పుట్టిన మాట టీవీల్లో, టెలిఫోన్లలో ఒక్కరోజులో దేశమంతా తిరిగింది. ద్రవాల తలతన్యత వల్ల, కేశనాళిక చర్య వల్ల అట్లా అవుతుందని శాస్త్రవేత్తలు అదేరోజు ప్రయోగం చేసి చూపించారు. అయినా జనం గుళ్ల ముందు బారులు తీరారు. ఆ రోజు సంగతి మా వాడలో ఒక పెద్దాయన ఇప్పటికీ నవ్వుతూ చెప్తాడు: "అందరూ చెంచాలు పట్టుకుని ఉరికిండ్రు బిడ్డా. తాగిండా లేదా మనం చూద్దామంటే లోపలికి రానియ్యాలె గదా!"

ఇదీ ఆ సంవత్సరం. ఇప్పుడు మన తావుకు వద్దాం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. అప్పుడు మూడూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. 2016లో సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి. మొదటి రెండూ హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఉన్నాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలను తడిపాయి. పొలమున్నవాడికి వడ్లు వచ్చాయి, వడ్లతో మిల్లు వచ్చింది, మిల్లుతో డబ్బు, డబ్బుతో మేడ, మేడమీద డిష్ గొడుగు. మనవాళ్లకు కాలువ తెచ్చింది నాట్ల కూలి, కోతల కూలి, మిల్లుల్లో హమాలీ.

కేబుల్ ఎట్లా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గొడుగు పెట్టడానికి ఊరి నడుమ మేడ కావాలి. వైరు లాగడానికి, పోటీ వచ్చినవాడి వైరు తెగిపోకుండా చూసుకోవడానికి మంది కావాలి, పలుకుబడి కావాలి. పెట్టుబడి సరేసరి. ఈ మూడూ ఎవరి దగ్గర ఉన్నాయో కేబుల్ వాళ్ల చేతికే పోయింది. కాలువ నీళ్లు పోయిన దారినే కేబుల్ వైరు పోయింది. వాడ దగ్గరికి చివరికి వచ్చింది, నెల నెలా పైసలు కట్టేవాళ్లు కావాలి కాబట్టి వచ్చింది.

నేను అప్పుడు చిన్నపిల్లవాణ్ణి. వాడలో టీవీ లేదు. ఊళ్లో ఒక ఇంటికి పోయేవాళ్లం. కిటికీ బయట నిలబడి చూసేవాళ్లం. అరుగు ఎక్కితే ఎవరూ తిట్టలేదు, కానీ మేము దిగాక నీళ్లు చల్లేవాళ్లు. కిటికీ చువ్వల మధ్య నుంచి చూసిన సినిమాల్లో హీరో ఎప్పుడూ ఆ ఇంటివాళ్ల లాగే ఉండేవాడు. మా లాంటివాడు కనిపిస్తే పాలేరు. అతను మాట్లాడేది మా భాష, దానికి కిటికీ లోపల నవ్వులు. మనం మాట్లాడుకునే భాషకు జనం నవ్వుతారని నాకు మొదట నేర్పింది ఆ కిటికీయే. బడికంటే ముందే నేర్పింది.

2012లో వీ6 చానెల్ వచ్చి తీన్మార్ వార్తల్లో తెలంగాణ మాటలు వినిపించినప్పుడు మన పిల్లలు ఎందుకంత సంబరపడ్డారో దీన్నిబట్టి తెలుస్తుంది. అది తెలంగాణ ఉద్యమం గెలుచుకున్న చోటు. భాషకు చోటు దొరికితే వాడకు కూడా చోటు దొరికినట్టేనా అన్నది వేరే ప్రశ్న.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అదే 1995లో లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. తెలుగు దళిత కవిత్వానికి అది మైలురాయి. అంతకు ఏడాది ముందే, 1994 జులైలో, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. అంటే తెలుగు చానెళ్లు పుట్టిన సమయానికి దళితుల దగ్గర మాట లేక కాదు. మాట ఉంది, కవిత ఉంది, డప్పు ఉంది, సభ ఉంది, లక్షల మంది వినేవాళ్లున్నారు. మన దగ్గర కొరవడింది కథలు కావు. కథను తెరమీద పెట్టే కుర్చీలు.

ఆ కుర్చీల లెక్క చూడండి. 1996లో సీనియర్ జర్నలిస్టు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకలేదని రాశారు. 2006లో ఢిల్లీలోని 37 జాతీయ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది మీద ఒక సర్వే జరిగింది. అందులో దళితులు సున్నా, ఆదివాసీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి 121 న్యూస్‌రూమ్ నాయకత్వ స్థానాలను పరిశీలించాయి. 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు మళ్లీ సున్నా. పదమూడేళ్లలో చానెళ్లు వందలయ్యాయి, సున్నా మాత్రం సున్నాగానే ఉంది.

ఇది ఎక్కడైనా ఇంతేనని సరిపెట్టుకునేవాళ్ల కోసం ఒక్క ఉదాహరణ. బ్రిటన్‌లో 1982 నవంబర్ 2న చానెల్ 4 మొదలైంది. అంతకు ముందు సంవత్సరమే లండన్ బ్రిక్స్‌టన్‌లో నల్లజాతి యువకులు పోలీసుల మీద తిరగబడ్డారు. మిగతా చానెళ్లు పట్టించుకోని అభిరుచులకు, వర్గాలకు కార్యక్రమాలు చేయాలని చానెల్ 4కు చట్టమే బాధ్యత పెట్టింది. ఆ చానెల్ డబ్బుతో నల్లజాతి యువకుల ఫిల్మ్ బృందాలు నిలబడ్డాయి. బ్లాక్ ఆడియో ఫిల్మ్ కలెక్టివ్ 1986లో తీసిన 'హ్యాండ్స్‌వర్త్ సాంగ్స్' అట్లాంటి చోటు నుంచే వచ్చింది. బ్రిటన్‌లో జాతి వివక్ష పోయిందని నేననడం లేదు. చట్టంలో ఒక షరతు పెడితే ఏం జరుగుతుందో చెప్తున్నాను. మన దగ్గర కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత గాలిని తెరిచారు. ఒక్క షరతు పెట్టలేదు. సుప్రీంకోర్టు చెప్పిన స్వతంత్ర సంస్థ కోసం 1997లో ప్రసార బిల్లు పార్లమెంటుకు వచ్చింది, చట్టం కాకుండానే మురిగిపోయింది.

దీని ఖరీదు ఎవరు కట్టారు? మిర్యాలగూడను అడగండి.

2018 సెప్టెంబర్ 14. ఆస్పత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో, తల్లితో బయటికి వస్తున్న ఒక దళిత యువకుణ్ణి వెనుక నుంచి నరికారు. అతని పేరు మీకందరికీ తెలుసు. సీసీటీవీలో పడిన ఆ దృశ్యాన్ని చానెళ్లు తిప్పి తిప్పి వేశాయి. ఆ తల్లి ఉన్న ఇంట్లోకి కూడా ఆ కేబుల్ వైరే పోతుందని ఎవరూ ఆలోచించలేదు. చర్చల్లో కూర్చోబెట్టి "తండ్రి ప్రేమ" అన్నారు, "పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలి" అన్నారు. హత్యకు "పరువు హత్య" అని పేరు పెట్టారు.

ఆ మాటను ఒక్కసారి విప్పి చూడండి. పరువు ఎవరిది? చంపించినవాడిది. చనిపోయినవాడి పరువు ఆ మాటలో ఎక్కడుంది? కుల హత్యను పరువు హత్య అని పిలిచిన క్షణంలోనే కథ చంపినవాడి వైపు నుంచి మొదలవుతుంది. ఆ న్యూస్‌రూమ్‌లో నిర్ణయం తీసుకునే కుర్చీలో వాడ నుంచి వచ్చిన ఒక ఆడబిడ్డ కూర్చుని ఉంటే ఆ మాట తెరమీదికి అంత తేలిగ్గా వచ్చేదా? 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. కోర్టు తీర్పు ఇచ్చింది. చానెళ్లు తమ మాటను మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు ఫోన్ ఉంది గదా, యూట్యూబ్ ఉంది గదా అని మీరనవచ్చు. ఉంది. ఈ వ్యాసం మీరు చదువుతున్నది అందులోనే. మన పిల్లలు చానెళ్లు పెట్టారు, పాటలు పెడుతున్నారు, సంతోషం. కానీ జలంధర్ సఫాయి కార్మికుల పాఠం మరచిపోకండి. తెరమీద చోటు వేరు, ఏ కథ నడవాలో తేల్చే అధికారం వేరు. ఫోన్ మనకు మొదటిది ఇచ్చింది. రెండోది ఇంకా వేరేవాళ్ల చేతిలోనే ఉంది, వాళ్లు ఇప్పుడు ఊరి నడుమ మేడలో కూడా లేరు, సముద్రాల అవతల ఉన్నారు.

అందుకే జర్నలిజం చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 1995 ఫిబ్రవరి 9 తీర్పును చదవండి. పొడుగ్గా ఉంటుంది, విసుగొస్తుంది, అయినా చదవండి. అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం అన్న మాట ఉన్న చోట గీత గీసి పెట్టుకోండి. మనం అడిగేది దయ కాదు, కిటికీ బయట చోటు కాదు. గాలిలో మన వాటా.

వచ్చే భాగంలో తెలుగు సీరియళ్లలో పనిమనిషి పాత్రల పేర్ల గురించి రాస్తాను. మీ ఇళ్లల్లో అమ్మలను, అమ్మమ్మలను అడిగి, గుర్తున్న పేర్లు కింద రాయండి.

జై భీమ్.