ఒహాయో పశు సంరక్షణ ప్రమాణాల మండలి

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పాడి, మాంసం, గుడ్ల కోసం పెంచే పశుపక్ష్యాదుల బాగోగులకు నియమాలు రాసే ప్రభుత్వ సంస్థ ఒహాయో పశు సంరక్షణ ప్రమాణాల మండలి. 2009 నవంబరు 3న 'ఇష్యూ 2' పేరుతో ప్రజల ముందుకు వచ్చిన ప్రతిపాదనకు దాదాపు 64 శాతం ఓట్లు అనుకూలంగా పడటంతో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, 14వ అధికరణం కింద దీన్ని ఏర్పాటు చేశారు. మండలిలో 13 మంది సభ్యులుంటారు. రాష్ట్ర వ్యవసాయ శాఖ డైరెక్టరే అధ్యక్ష స్థానంలో ఉంటారు. జంతు సంక్షేమ ఉద్యమం నుంచి తమను తాము కాపాడుకోవడానికి పెద్ద రైతు సంఘాలు పట్టుబట్టి తెచ్చుకున్న మండలి ఇది. ఏడాది తిరక్కుండానే ఆ ఉద్యమం అడిగిన మార్పుల్లో చాలావాటిని ఇదే మండలి చేతికి అప్పగించాల్సి వచ్చింది.

నేపథ్యం

కథ మొదలైంది కాలిఫోర్నియాలో. కోళ్లు, చూడి పందులు, మాంసం కోసం పెంచే లేగదూడలు లేచి నిలబడి, కాళ్లూ రెక్కలూ చాపుకుని, ఒకచుట్టు తిరగగలిగేంత చోటు ఇవ్వాలన్న 'ప్రపోజిషన్ 2'ను అక్కడి ఓటర్లు 2008 నవంబరులో 63 శాతం ఓట్లతో గెలిపించారు. ఆ ప్రచారాన్ని ముందుండి నడిపిన హ్యూమేన్ సొసైటీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ అనే జంతు సంక్షేమ సంస్థ తర్వాత ఒహాయో వైపు చూసింది. అందుకు కారణం ఉంది. గుడ్ల ఉత్పత్తిలో అప్పటికి అయోవా తర్వాతి స్థానం ఒహాయోదే. పైగా పౌరులే సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను ఓటింగుకు పెట్టే వీలు ఆ రాష్ట్రంలో ఉంది.

గొడవ దేని గురించో తెలియాలంటే షెడ్డు లోపలికి చూడాలి. చూడి పందిని ఉంచే ఇనుప బోను సుమారు 2 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ఉంటుంది. పంది చూలు సుమారు 114 రోజులు. ఆ కాలంలో చాలాభాగం అది ముందుకో వెనక్కో ఒక అడుగు జరగగలదే తప్ప అటునుంచి ఇటు తిరగలేదు. గుడ్లు పెట్టే కోడికి బ్యాటరీ కేజీలో పరిశ్రమ మార్గదర్శకాల ప్రకారం దక్కే చోటు 67 చదరపు అంగుళాలు, అంటే ఏ4 కాగితం కన్నా తక్కువ. పందులు ఒకదాన్నొకటి కరుచుకోకుండా, మేత, మందులు ఒక్కోదానికి విడిగా అందేలా బోను ఉపయోగపడుతుందని పెంపకందారులు వాదిస్తారు. ఆ వాదనను ఉత్త సాకుగా కొట్టిపారేయలేం. కానీ దానికి జంతువు చెల్లించే మూల్యం చిన్నది కాదు.

2009 ఆరంభంలో హ్యూమేన్ సొసైటీ ప్రతినిధులు పెద్ద రైతు సంఘమైన ఒహాయో ఫార్మ్ బ్యూరో పెద్దలను కలిసి, మాట్లాడుకుని తేల్చుకుందామా, ఓటర్ల దగ్గరికి వెళదామా అన్న ప్రశ్న ముందుంచారు. ఫార్మ్ బ్యూరో, పంది, కోళ్ల పెంపకందార్ల సంఘాలు మూడో దారి పట్టాయి. ఎదుటివారికన్నా ముందే తామే ఓటర్ల దగ్గరికి వెళ్లాలని నిర్ణయించుకున్నాయి. శాసనసభలో రెండు పార్టీలూ మద్దతిచ్చాయి, గవర్నర్ టెడ్ స్ట్రిక్‌లాండ్ కూడా సరేనన్నారు. వేసవిలో తీర్మానం నెగ్గింది, నవంబరులో ఓటింగు జరిగింది. అదే బ్యాలెట్‌పై జూదశాలలకు అనుమతినిచ్చే 'ఇష్యూ 3' ఉండటంతో జనం దృష్టి ఎక్కువగా అటే మళ్లింది.

రైతులంతా ఒక్కమాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు. చిన్న రైతుల పక్షాన మాట్లాడే ఒహాయో ఫార్మర్స్ యూనియన్, సేంద్రియ సాగుదారుల సంఘం దీన్ని వ్యతిరేకించాయి. మండలిలో భారీ ఫారాల మాటే చెల్లుతుందన్నది వాటి భయం. కేజీల కొలతలు తేల్చే సంస్థకు రాజ్యాంగంలో చోటెందుకన్నది మరో అభ్యంతరం.

కూర్పు, అధికారాలు

సెనెట్ సమ్మతితో గవర్నర్ పది మందిని నియమిస్తారు. కుటుంబ సేద్యానికి ఒకరు, రాష్ట్రస్థాయి రైతు సంస్థలకు ఇద్దరు, ఆహార భద్రత తెలిసిన ఒకరు, ఒక పశువైద్యుడు, రాష్ట్ర ప్రధాన పశువైద్యాధికారి, ఒక వ్యవసాయ కళాశాల డీన్, వినియోగదారుల తరఫున ఇద్దరు, జిల్లాస్థాయి జంతు సంక్షేమ సంఘం నుంచి ఒకరు ఈ పది మందిలో ఉంటారు. ప్రతినిధుల సభ స్పీకరు, సెనెట్ అధ్యక్షుడు చెరొక రైతును నియమిస్తారు. ఒకే పార్టీ వారు ఏడుగురికి మించకూడదు. జంతువుల పక్షాన మాట్లాడటానికి ప్రత్యేకించి కేటాయించిన కుర్చీ 13లో ఒక్కటే కాగా, రైతులకూ వారి సంస్థలకూ ఐదు దక్కాయి. విమర్శకులు వేలెత్తి చూపింది ఈ లెక్కనే.

దీన్ని ఉత్త సలహా సంఘంగా చూడకూడదు. మండలి ఆమోదించిన ప్రమాణాలు చట్టబద్ధమైన నియమాలు, వాటిని అమలు చేసే బాధ్యత వ్యవసాయ శాఖది. నియమాలు రాసేటప్పుడు మంచి యాజమాన్య పద్ధతులు, జీవభద్రత, వ్యాధుల నివారణ, పశువుల జబ్బులు, మరణాల వివరాలు, ఆహార భద్రతతో పాటు అందుబాటు ధరలో స్థానిక ఆహారం దొరకడాన్నీ లెక్కలోకి తీసుకోవాలని రాజ్యాంగమే చెబుతోంది. ఈ చివరి మాట పెంపకందారు ఖర్చు గురించే. 2010లో చేసిన చట్టం మండలి పనితీరుకు, తనిఖీలకు, జరిమానాలకు చట్రం ఏర్పరచింది.

2010 ఒప్పందం

ఓడిపోయిన హ్యూమేన్ సొసైటీ ఊరుకోలేదు. మండలిని రద్దు చేయమని అడగకుండా, ఫలానా కనీస ప్రమాణాలు పెట్టి తీరాలని ఆ మండలినే ఆదేశించే కొత్త సవరణకు సంతకాల సేకరణ మొదలుపెట్టింది. ప్రత్యర్థి కట్టిన ఇంట్లోకే వెళ్లి కూర్చునే ఎత్తు అది. కావలసిన సంతకాలు 4 లక్షల పైచిలుకు. అదే ఏడాది మే నెలలో ఒహాయోలోని ఒక పాడి క్షేత్రంలో ఆవులను, దూడలను కొడుతున్న రహస్య వీడియో బయటపడి జనం మనసు మార్చింది. సంతకాలు సమర్పించాల్సిన చివరి రోజు, జూన్ 30న, గవర్నర్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది.

సంతకాలను ఆపేస్తామని ఒక పక్షం, మార్పులను మండలికి సిఫారసు చేస్తామని రెండో పక్షం ఒప్పుకున్నాయి. ఆ ఏడాది చివరి తర్వాత కట్టే పంది షెడ్లలో చూడి పందులకు బోనులు ఉండకూడదు, పాతవి 2025 చివరికల్లా పోవాలి. కొత్త బ్యాటరీ కేజీ ఫారాలకు అనుమతులివ్వరు. దూడలను ఇరుకు గదుల్లో కట్టివేయడం 2017కల్లా ఆగాలి. లేవలేక పడిపోయిన ఆవులను వధశాలకు తరలించకూడదు, పందులను ఉరి బిగించి చంపకూడదు.

ఈ ఒప్పందంలో పశువులతో సంబంధం లేని అంశం కూడా ఉంది. ఇళ్లలో క్రూరమృగాలు పెంచడాన్ని కట్టడి చేయాలన్నది దాని సారాంశం. స్ట్రిక్‌లాండ్ పదవి దిగేముందు ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు గడువు 2011లో తీరిపోయింది. అక్టోబరులో జేన్స్‌విల్ దగ్గర ఒక యజమాని తన పులులను, సింహాలను, ఎలుగులను వదిలేసి ఆత్మహత్య చేసుకున్నాక, 2012లో చట్టం చేయక తప్పలేదు.

ప్రమాణాలు

ఆవులు, దూడలు, పందులు, కోళ్లు, టర్కీలు, గొర్రెలు, మేకలు, గుర్రాలు, లామాలు, అల్పాకాలకు వేర్వేరు నియమాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం 2011 సెప్టెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చాయి. చూడి పందుల బోనుల విషయంలో ఒప్పందం మాటే దాదాపుగా నిలిచింది. చూలు నిర్ధారణ అయ్యేదాకా మాత్రం, గడువు తీరాక కూడా, విడిగా ఉంచుకోవచ్చు. పాడి ఆవుల తోకలు కత్తిరించడం వైద్య కారణం లేకుంటే 2018 నుంచి నిషిద్ధం. కోళ్ల విషయంలో రాయితీ పెద్దది. అప్పటికే ఉన్న కేజీలను కొనసాగనిచ్చారు. గుడ్లలో ముందున్న రాష్ట్రంలో అత్యధిక సంఖ్యలో ఉన్న పక్షికే అతి తక్కువ ఊరట దక్కింది.

ఇతర రాష్ట్రాలు, భారతదేశం

ఒహాయో బాటలో కెంటకీ, వెస్ట్ వర్జీనియా 2010లో ఇలాంటి సంస్థలు పెట్టుకున్నాయి. వెర్మాంట్ ఎంచుకున్నది సిఫారసులకే పరిమితమైన సలహా మండలిని. పొరుగున ఉన్న మిషిగన్ మాత్రం మండలిని నమ్ముకోకుండా 2009లోనే బోనులను దశలవారీగా తొలగించే చట్టం చేసింది.

భారతదేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద 1962లో రుక్మిణీదేవి అరుండేల్ సారథ్యంలో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. అది సలహా సంస్థ. బ్యాటరీ కేజీలపై లా కమిషన్ 2017లో తన 269వ నివేదిక ఇచ్చింది. గుడ్ల ఉత్పత్తిలో ముందు వరుసలో ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పెంపకందారులకు ఆ చర్చ దూరపు సంగతి కాదు.

రాజ్యాంగంలో చేరింది కాబట్టి ఒహాయో మండలిని శాసనసభ తనంత తానుగా రద్దు చేయలేదు. తీసేయాలన్నా, కూర్పు మార్చాలన్నా మళ్లీ ఓటర్లే ఆమోదించాలి.